ఎంఆర్ఐ రిపోర్టులో ‘తెల్ల మచ్చలు’ అని ఉందా? కంగారు వద్దు.. అలాగని పక్కన పడేయొద్దు!

శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలం. వంశధార ఒడ్డున ఉండే శ్రీముఖలింగం లాంటి ఊరిలో ఎవరికైనా డాక్టర్ ఎంఆర్ఐ స్కాన్ రాశారంటే అది చిన్న విషయం కాదు. ఓ రోజు పని పోతుంది. తోడుగా ఇంకో మనిషి రావాలి. శ్రీకాకుళం వెళ్లాలి, అక్కడ కుదరకపోతే విశాఖపట్నం దాకా పోవాలి. ఖర్చు వేలల్లో ఉంటుంది. ఇంత చేశాక చేతికొచ్చిన రిపోర్టులో అర్థం కాని లైన్ ఒకటి కనిపిస్తుంది. ‘టీ2 ఫ్లెయిర్ హైపర్‌ఇంటెన్సిటీస్ ఇన్ వైట్ మ్యాటర్’.

అంతే.. ఇంట్లో టెన్షన్ మొదలు. ఫోన్‌లో వెతికితే ఒక వీడియో పక్షవాతం అంటుంది. ఇంకోటి మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటుంది. మూడోది ‘ఇది మామూలే, పట్టించుకోవద్దు’ అని చెబుతుంది. ఇంతకీ ఏది నిజం?

మూడూ నిజం కావచ్చు. ఎందుకంటే తెల్ల మచ్చ అనేది జబ్బు పేరు కాదు, ఒక గుర్తు మాత్రమే. అది ఎవరి మెదడులో ఉంది, ఏ చోట ఉంది, ఆ మనిషికి ఉన్న ఇబ్బంది ఏంటి అనేవి కలిపి చూస్తేనే దానికి అర్థం వస్తుంది. ఇంతకీ ఎంఆర్ఐ ఏం చూస్తుంది, ఏం చూడలేదు, ఎప్పుడు ఒక్క రోజు కూడా ఆగకూడదు.. ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

అసలు వైట్ మ్యాటర్ అంటే ఏంటి?

మెదడును కోసి చూస్తే రెండు రంగులు కనిపిస్తాయి. పైన పొరలా బూడిద రంగు భాగం ఉంటుంది. అదే గ్రే మ్యాటర్. ఆలోచనలు, కదలికలకు ఆర్డర్లు పుట్టే నరాల కణాలు ఇక్కడే ఎక్కువ. లోపల తెల్లగా ఉండేది వైట్ మ్యాటర్. మెదడు పరిమాణంలో దాదాపు సగం ఇదే. వెన్నుపాములో సీన్ రివర్స్. తెలుపు బయట, బూడిద రంగు లోపల సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది.

వైట్ మ్యాటర్ పని ఒక్కటే.. కబురు మోయడం. ఇందులో ఉండేవి సన్నని నరాల తీగలు. వాటి చుట్టూ ‘మైలిన్’ అనే కొవ్వు పొర చుట్టుకుని ఉంటుంది. తెల్ల రంగు ఆ కొవ్వుదే. మైలిన్ బాగుంటే నరంలో సిగ్నల్ సెకనుకు 100 మీటర్లు దాటి పరుగెత్తగలదు. మైలిన్ లేని సన్నని నరాల్లో ఆ వేగం సెకనుకు ఒకటి రెండు మీటర్లే.

వంశధార ఆయకట్టు రైతులకు ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీలో నీళ్లు నిండుగా ఉన్నాయి. శివారున పొలం కూడా సిద్ధంగా ఉంది. మధ్యలో కాలువకు గండి పడితే? పొలానికి చుక్క చేరదు. బ్యారేజీ గ్రే మ్యాటర్ అయితే కాలువలు వైట్ మ్యాటర్. మెదడు ఆర్డర్ వేస్తుంది, కాలిలో కండ కూడా బాగానే ఉంటుంది. దారిలో గండి పడితే మాత్రం కాలు లేవదు.

ఇంకో సంగతి. గండి ఎంత పెద్దది అన్నదానికంటే ఎక్కడ పడింది అన్నదే ముఖ్యం. చిన్న పిల్లకాలువ తెగితే ఒక మడి ఎండుతుంది. మెయిన్ కెనాల్ తెగితే ఊళ్లకు ఊళ్లే ఎండుతాయి. వెన్నుపాము అలాంటి మెయిన్ కెనాల్. పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, మందం చిటికెన వేలంత. అందులో చిన్న మచ్చ వచ్చినా రెండు కాళ్లూ పట్టు తప్పవచ్చు. అదే సైజు మచ్చ మెదడులో ఓ మూల ఉంటే మనిషికి తెలియకపోవచ్చు.

ఎంఆర్ఐ చూసేది నీటినే!

ఎంఆర్ఐలో ఎక్స్‌రే ఉండదు, రేడియేషన్ భయం అక్కర్లేదు. అదొక భారీ అయస్కాంతం. ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించే 1.5 టెస్లా మెషీన్ శక్తి భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30 వేల రెట్లు. మన ఒంట్లో సగానికి పైగా నీరే. ఆ నీటిలోని హైడ్రోజన్ కణాలు ఈ అయస్కాంతం ముందు వరుసలోకి వస్తాయి. అప్పుడు మెషీన్ రేడియో తరంగాలు పంపుతుంది. హైడ్రోజన్ కణాలు కాసేపు చెదిరి, మళ్లీ వరుసలోకి వస్తూ చిన్న సిగ్నల్ ఇస్తాయి. ఆ సిగ్నల్‌ను కంప్యూటర్ బొమ్మగా మారుస్తుంది.

ఇక్కడే కిటుకు ఉంది. ఆరోగ్యంగా ఉన్న వైట్ మ్యాటర్‌లో కొవ్వు ఎక్కువ, నీరు తక్కువ. మైలిన్ పాడైనా, వాపు వచ్చినా, రక్తం అందక ఆ భాగం దెబ్బతిన్నా అక్కడ నీరు పెరుగుతుంది. టీ2 అనే పద్ధతిలో తీసిన బొమ్మలో నీరు ఎక్కువున్న చోటు తెల్లగా మెరుస్తుంది. అయితే మెదడు మధ్యలోని గదుల్లో మామూలుగానే నీరు ఉంటుంది. అది కూడా తెల్లగా మెరిస్తే పక్కనే ఉన్న మచ్చ కనపడదు. అందుకే ‘ఫ్లెయిర్’ అనే పద్ధతి వచ్చింది. ఇది గదుల్లోని నీటిని నల్లగా చేసి మచ్చను మాత్రం తెల్లగా చూపిస్తుంది. రిపోర్టులో ‘టీ2 ఫ్లెయిర్’ అని రాసేది దీని గురించే.

అంటే ఎంఆర్ఐ చెప్పేది ఒక్కటే.. ‘ఇక్కడ ఉండాల్సిన దానికంటే నీరు ఎక్కువుంది’. ఎందుకు ఎక్కువుంది అన్నది అది నేరుగా చెప్పదు. తడి నేలను చూసి వానా, గండా, పైపు లీకా అని తేల్చాల్సింది మనిషే.

ఈ టెక్నాలజీ మరీ పాతది కాదు. అయస్కాంత సిగ్నల్‌తో బొమ్మ తీయొచ్చని పాల్ లాటర్‌బర్ 1973లో చూపించారు. 1981లో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రి బృందం మల్టిపుల్ స్క్లెరోసిస్ పేషెంట్ల మెదళ్లను ఈ పద్ధతిలో పరీక్షించింది. సీటీ స్కాన్‌లో కనపడని మచ్చలు ఎన్నో బయటపడ్డాయి. వైట్ మ్యాటర్ జబ్బుల చరిత్రను మలుపు తిప్పింది ఆ అధ్యయనమే. లాటర్‌బర్‌కు, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కు కలిపి 2003లో నోబెల్ బహుమతి వచ్చింది.

మచ్చ ఒకటే.. కారణాలు వేరు

ఒక ఉదాహరణ చూద్దాం. బీపీ ఉన్న 68 ఏళ్ల రైతు, ఒక కన్ను మసకబారిన 26 ఏళ్ల యువతి, ఏళ్ల తరబడి షుగర్ మాత్రలు వాడుతూ కాళ్లలో తిమ్మిర్లు వస్తున్న 50 ఏళ్ల టీచర్. ముగ్గురి రిపోర్టుల్లోనూ ‘హైపర్‌ఇంటెన్సిటీ’ అనే మాటే ఉండొచ్చు. కానీ ముగ్గురి దారులూ వేరు.

బీపీ, షుగర్, వయసు

అరవై దాటిన వాళ్ల స్కాన్లలో తెల్ల మచ్చలు చాలా సాధారణం. మెదడు లోతుల్లోకి వెళ్లే రక్తనాళాలు వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి. బీపీ, షుగర్, పొగతాగడం వల్ల ఏళ్ల తరబడి అవి గట్టిపడతాయి. అవి రక్తం అందించే వైట్ మ్యాటర్ నెమ్మదిగా దెబ్బతింటుంది. దీన్ని కొలవడానికి డాక్టర్లు ‘ఫజెకాస్’ స్కేల్ వాడతారు. ఆస్ట్రియా న్యూరాలజిస్ట్ ఫ్రాంజ్ ఫజెకాస్ పేరు మీద 1987లో వచ్చింది. సున్నా అంటే మచ్చల్లేవు. ఒకటి అంటే అక్కడక్కడ చుక్కలు. రెండు అంటే చుక్కలు కలవడం మొదలైంది. మూడు అంటే పెద్ద పెద్ద ప్రాంతాలుగా కలిసిపోయాయి.

పెద్ద వయసులో ఫజెకాస్ ఒకటి కనిపిస్తే సాధారణంగా గాబరా పడాల్సింది లేదు. మూడు అయితే మాత్రం హెచ్చరికే. పక్షవాతం, మతిమరుపు, నడక తడబడటం వచ్చే ముప్పు పెరుగుతుంది. ఉన్న మచ్చలను తుడిచేసే మాత్ర లేదు. కొత్తవి రాకుండా చూసుకోవడమే మార్గం. అందులో అన్నిటికంటే గట్టిగా పనిచేసేది బీపీ కంట్రోల్. ‘బాగానే ఉంది కదా’ అని బీపీ మాత్ర మానేసేవాళ్లు ఈ లైన్ ఒకసారి మళ్లీ చదవాలి.

మల్టిపుల్ స్క్లెరోసిస్

ఇది వయసు మీద పడ్డాక వచ్చేది కాదు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఒంటికి కాపలా కాయాల్సిన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున మైలిన్‌పై దాడి చేస్తుంది. యూరప్ దేశాలతో పోలిస్తే మన దగ్గర తక్కువే. కానీ లేదని కాదు.

దీన్ని గుర్తించడంలో మచ్చల లెక్క కంటే అడ్రస్ ముఖ్యం. 2001లో వచ్చి, తర్వాత పలుమార్లు మార్చిన ‘మెక్‌డొనాల్డ్’ ప్రమాణాలను ప్రపంచమంతా వాడుతున్నారు. 2017 నాటి ప్రమాణాల ప్రకారం నాలుగు చోట్లను చూస్తారు. మెదడు గదుల పక్కన, పై పొరకు ఆనుకుని, మెదడు కింది భాగంలో, వెన్నుపాములో. వీటిలో కనీసం రెండు చోట్ల మచ్చలుండాలి. అవి వేర్వేరు సమయాల్లో వచ్చాయనడానికి ఆధారం ఉండాలి. లేదా వెన్ను నీటి పరీక్షలో ప్రత్యేకమైన ప్రొటీన్ పట్టీలు కనిపించాలి. అన్నిటికంటే ముందు, ఇలాంటి జబ్బుకు తగ్గ లక్షణాలు మనిషిలో ఉండాలి. ఉత్త తలనొప్పితో తీసిన స్కాన్‌లో రెండు చుక్కలు కనిపించినంత మాత్రాన ఇది ఎంఎస్ అయిపోదు. మైగ్రేన్ ఉన్నవాళ్లలోనూ చిన్న చుక్కలు కనిపించడం మామూలే.

ఎంఎస్ లాంటిదే.. కానీ మందు వేరు

న్యూరోమైలైటిస్ ఆప్టికా, క్లుప్తంగా ఎన్‌ఎంఓ. ఇది కంటి నరాన్ని, వెన్నుపామును ఎక్కువగా దెబ్బతీస్తుంది. చాలాకాలం దీన్ని ఎంఎస్‌లో ఒక రకమే అనుకున్నారు. 2004లో దీనికి సంబంధించిన యాంటీబాడీ దొరికాక ఇది వేరే జబ్బు అని తేలింది. ‘ఆక్వాపోరిన్-4’ యాంటీబాడీ అనే రక్త పరీక్ష అలా వచ్చిందే.

ఎంఆర్ఐలో తేడా స్పష్టంగా కనిపించవచ్చు. ఎంఎస్‌లో వెన్నుపాము మచ్చ సాధారణంగా పొట్టిగా, ఒక పక్కకు ఉంటుంది. ఎన్‌ఎంఓలో తరచూ మూడు వెన్నుపూసల పొడవు, అంతకు మించి సాగి ఉంటుంది. ఈ తేడా ఎందుకంత ముఖ్యం? ఎంఎస్‌కు ఇచ్చే కొన్ని మందులు ఎన్‌ఎంఓ ఉన్నవాళ్లకు మేలు చేయకపోగా జబ్బును పెంచుతాయి. మచ్చను తప్పు చదివితే మందూ తప్పుతుంది.

బీ12 లోపం.. ఓ తెలుగువాడి కథ

వెన్నుపాము వెనక భాగంలో రెండు తెల్ల గీతలు, తలకిందులైన ఇంగ్లిష్ ‘వీ’ అక్షరంలా కనిపిస్తే డాక్టర్లు ముందుగా అడిగేది విటమిన్ బీ12 గురించి. మైలిన్ బాగుండాలంటే బీ12 కావాలి. ఇది మాంసం, చేపలు, గుడ్లు, పాలల్లోనే దొరుకుతుంది. అందుకే పూర్తి శాకాహారులకు, కడుపు ఆపరేషన్ అయినవాళ్లకు, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకు లోపం వచ్చే అవకాశం ఎక్కువ. పాదాల్లో తిమ్మిర్లు, దూది మీద నడుస్తున్నట్టు ఉండటం, చీకట్లో తూలడం దీని లక్షణాలు.

ఇక్కడ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెప్పుకోవాలి. ఆయన నాయకత్వంలోని లెడర్లే ల్యాబ్ బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారు చేసింది. అది రక్తహీనతకు గొప్ప మందు. కానీ కొద్ది కాలానికే డాక్టర్లు ఒక విషయం గమనించారు. బీ12 లోపం వల్ల వచ్చిన రక్తహీనతకు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం మెరుగవుతోంది, నరాల దెబ్బ మాత్రం ముదిరిపోతోంది. సుబ్బారావు కన్నుమూసిన 1948లోనే బీ12ను విడిగా వెలికితీశారు. ఆ పాఠం నేటికీ వర్తిస్తుంది. తిమ్మిర్లతో పాటు రక్తహీనత ఉంటే ఫోలిక్ మాత్రలతో సరిపెట్టకుండా బీ12 చూడాలి.

ఊళ్లలో ఎక్కువగా జరిగే పని ఇంకోటి ఉంది. ‘నరాల బలహీనత’ అనగానే ముందు బీ12 ఇంజెక్షన్లు వేసేస్తారు. తర్వాత రక్త పరీక్షకు పంపుతారు. అప్పుడు రక్తంలో బీ12 బాగానే కనిపిస్తుంది, అసలు కారణం దాక్కుంటుంది. కాబట్టి ముందు రక్తం శాంపిల్ ఇచ్చి, తర్వాత ఇంజెక్షన్ వేయించుకోవడం మేలు. వైట్ మ్యాటర్ జబ్బుల్లో తొందరగా పట్టుకుంటే బాగా కోలుకునే అవకాశం ఉన్నది ఇదే. ఆలస్యమైతే మాత్రం నడక పూర్తిగా తిరిగిరాకపోవచ్చు.

సికిల్ సెల్.. నొప్పి లేకుండా పడే మచ్చ

శ్రీముఖలింగం ఆలయ స్థల పురాణంలో సవరలు ఉన్నారు, ఇప్ప చెట్టు ఉంది. మధుకేశ్వరుడు అన్న పేరే ఇప్ప చెట్టు నుంచి వచ్చింది. ఆ గిరిజన ప్రాంతాలకు సంబంధించిన మాట ఇది. సికిల్ సెల్ అనే రక్త వ్యాధి ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీతో పాటు దేశంలోని చాలా గిరిజన ప్రాంతాల్లో ఉంది. ఇందులో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. మెదడులో అలా జరిగితే వైట్ మ్యాటర్‌లో చిన్న మచ్చ పడుతుంది. చెయ్యి పడిపోదు, మూతి వంకర పోదు. పిల్లాడు చదువులో వెనకబడతాడు అంతే. ‘వీడికి చదువు మీద ధ్యాస లేదు’ అని ఇంట్లో తిడతారు. ఇలాంటి ‘సైలెంట్’ మచ్చను చూపించేది ఎంఆర్ఐ ఒక్కటే.

2014లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో ఇలాంటి మచ్చలున్న 196 మంది పిల్లలను రెండు గ్రూపులుగా చేశారు. నెలనెలా రక్తం ఎక్కించిన గ్రూపులో 6 శాతం మందికి కొత్తగా మెదడు దెబ్బతింది. ఎక్కించని గ్రూపులో అది 14 శాతం. అంటే మచ్చను ముందే చూస్తే చేయగలిగింది ఉందన్నమాట. కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం లక్ష్యం. తొలి మెట్టు ఎంఆర్ఐ కాదు, ఆ చిన్న రక్త పరీక్షే.

కాళ్లలో సమస్య ఉంటే స్కాన్ ఎక్కడ తీయాలి?

చాలామంది డబ్బూ, సమయమూ పోగొట్టుకునేది ఇక్కడే. కాళ్లు బరువెక్కాయి, తిమ్మిర్లు వస్తున్నాయి అనగానే ‘నడుము డిస్క్ అయ్యుంటుంది’ అనుకుని నడుముకు మాత్రమే ఎంఆర్ఐ తీయించుకుంటారు. రిపోర్టులో ఏదో ఒక డిస్క్ కాస్త ఉబ్బినట్టు ఉంటుంది. నలభై దాటిన వాళ్లలో అది మామూలే. దానికే నెలల తరబడి మందులు వాడతారు.

అసలు పాయింట్ ఏంటంటే.. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలోనే, మొదటి లేదా రెండో నడుము పూస దగ్గర ఆగిపోతుంది. కింద ఉండేవి విడి నరాలే. వెన్నుపాములో మచ్చ మెడ దగ్గరో, వీపు మధ్యలోనో ఉంటే నడుము స్కాన్‌లో అది రాదు. మెడ దగ్గర గండి పడినా కాళ్లు పడిపోవచ్చు.

మరి ఎక్కడ తీయాలో ఎవరు చెబుతారు? న్యూరాలజిస్ట్ చేతిలోని చిన్న రబ్బరు సుత్తి. మోకాలి కింద కొట్టినప్పుడు కాలు ఎంత ఎగురుతుంది, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తుందా కిందికి వంగుతుందా, ఒంటి మీద స్పర్శ ఏ గీత దగ్గర తగ్గింది.. ఇవి చూసి గండి ఎంత ఎత్తులో ఉందో అంచనా వేస్తారు. కాలి రిఫ్లెక్స్‌లు మరీ ఎక్కువగా ఉంటే సమస్య నడుము నరాల్లో కాదు, పైన వెన్నుపాములోనో మెదడులోనో ఉందని అనుమానిస్తారు. కోట్ల రూపాయల మెషీన్‌కు దారి చూపించేది ఆ సుత్తే.

వెన్నుపాము లోపల జబ్బు ఉందా, బయటి నుంచి ఏదైనా నొక్కుతోందా అన్నది కూడా ఎంఆర్ఐ తేలుస్తుంది. తెలుగు నేలకు ఇది కొత్త కాదు. నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు గట్టిపడి పెరిగే ఫ్లోరోసిస్‌ను ఇక్కడి పల్లెల్లో 1937లోనే వైద్యులు నమోదు చేశారు. నల్లగొండ లాంటి చోట్ల పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కి కాళ్లు చచ్చుబడిన కేసులపై హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి.రాజారెడ్డి విస్తృతంగా అధ్యయనం చేశారు. నొక్కుడు ఉంటే ఆపరేషన్ ఆలోచించాలి. లోపల మైలిన్ జబ్బు అయితే మందులతో వైద్యం. కాళ్లు పడిపోవడం ఒకటే అయినా దారులు పూర్తిగా వేరు.

కిడ్నీ సమస్య ఉందా? ‘కాంట్రాస్ట్’ ముందు చెప్పండి

మచ్చ పాతదా, ఇప్పుడే పడిందా అని తెలుసుకోవడానికి కొన్నిసార్లు చేతి నరంలోకి గాడోలినియం అనే మందు ఎక్కిస్తారు. తాజాగా వాపు ఉన్న మచ్చ ఈ మందును పీల్చుకుని మెరుస్తుంది. ఇదే ‘కాంట్రాస్ట్ స్కాన్’.

శ్రీకాకుళం జిల్లా వాసులు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. జలుమూరు మండలం ఉద్దానం కిందికి రాదు. కానీ అదే జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు లాంటి మండలాల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎంత తీవ్రంగా ఉందో అందరికీ తెలుసు. పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో ప్రారంభమైంది కూడా ఇందుకే. ఉద్దానంలో బంధువులు, రాకపోకలు లేని ఇళ్లు జిల్లాలో తక్కువ.

గాడోలినియం బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు కొన్ని పాత రకం గాడోలినియం మందులు ఇచ్చినప్పుడు చర్మం, లోపలి భాగాలు గట్టిపడిపోయే ఒక తీవ్రమైన జబ్బు వస్తోందని 2006లో బయటపడింది. ఆ తర్వాత జాగ్రత్తలు పెరిగాయి. ఇప్పుడు వాడే కొత్త రకం మందుల్లో ఆ ముప్పు చాలా తక్కువ. అయినా ఈజీఎఫ్ఆర్ 30 కంటే తక్కువ ఉన్నవాళ్లు, డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. చెబితే స్కాన్ ఆపేస్తారని దాచొద్దు. అవసరమైతే రకం మారుస్తారు, లేదా కాంట్రాస్ట్ లేకుండానే తీస్తారు. తెల్ల మచ్చ ఉందా లేదా అన్నది కాంట్రాస్ట్ లేకుండానే కనిపిస్తుంది.

మచ్చలు ఎక్కువుంటే జబ్బు ఎక్కువ ఉన్నట్టేనా?

కాదు. ఇదే డాక్టర్లను ఏళ్లుగా ఆలోచనలో పడేసిన విషయం. మెదడు నిండా మచ్చలున్నా మామూలుగా పని చేసుకునేవాళ్లున్నారు. నాలుగు మచ్చలకే కర్ర పట్టినవాళ్లూ ఉన్నారు. మచ్చ ఏ దారిలో పడింది, లోపల నరాల తీగలు ఎన్ని మిగిలాయి, మెదడు పక్క దారి వెతుక్కోగలిగిందా అన్నవి మామూలు స్కాన్‌లో తెలియవు.

అందుకే పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. 1994లో వచ్చిన ‘డిఫ్యూజన్ టెన్సర్ ఇమేజింగ్’, అంటే డీటీఐ, నీటి కణాలు ఏ దిక్కుకు కదులుతున్నాయో కొలుస్తుంది. కాలువ గట్లు బాగుంటే నీరు కాలువ వెంటే పోతుంది. గట్లు తెగితే నాలుగు దిక్కులా పారుతుంది. వైట్ మ్యాటర్‌లోనూ అంతే. మామూలు స్కాన్‌లో శుభ్రంగా కనిపించే చోట కూడా దారి పాడవడం మొదలైందా అని డీటీఐ పసిగట్టగలదు. మెదడు కణితి ఆపరేషన్‌కు ముందు ముఖ్యమైన నరాల దారులు ఎక్కడున్నాయో చూసుకోవడానికీ దీన్ని వాడుతున్నారు. వెన్నుపాములో మాత్రం ఇది కష్టం. అది సన్నగా ఉంటుంది. పైగా ఊపిరికి, గుండె చప్పుడుకు కాస్త కదులుతుంటుంది. ఆ కదలికకు బొమ్మ చెదిరిపోతుంది.

స్కాన్‌కు వెళ్లేటప్పుడు ఇవి మర్చిపోవద్దు

పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు ఉంటే ముందే చెప్పాలి. వెల్డింగ్, గ్రైండింగ్ పని చేసేవాళ్ల కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడి ఉంటే అది కూడా. గర్భిణులు తప్పనిసరిగా తెలియజేయాలి. మంగళసూత్రం, పిన్నులు, మొలతాడుకున్న లోహపు బిళ్లలు, ఫోన్, ఏటీఎం కార్డు బయటే ఉంచాలి. మెషీన్ పెద్దగా చప్పుడు చేస్తుంది, చెవులకు రక్షణ ఇస్తారు. 20 నుంచి 45 నిమిషాలు కదలకుండా పడుకోవాలి. ఇరుకు భయం ఉంటే ముందే చెబితే ఏర్పాటు చేస్తారు.

స్కాన్ అయ్యాక రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోవద్దు. బొమ్మలున్న సీడీ లేదా లింక్ అడిగి తీసుకోండి. ఏడాది తర్వాత కొత్త మచ్చ వచ్చిందా లేదా అని తేల్చడానికి పాత బొమ్మే ఆధారం. అది లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. ఇంకో కాగితం మీద మీ కథ కూడా రాసుకోండి. ఏ నెలలో కన్ను మసకబారింది, ఎన్ని రోజుల్లో తగ్గింది, కాళ్ల తిమ్మిరి ఎప్పుడు మొదలైంది. అలాంటి ఇబ్బందులు కొన్ని వారాల్లో తగ్గిపోవడంతో చాలామంది వాటిని మర్చిపోతారు. ఎంఎస్ లాంటి జబ్బు పట్టుబడేది సరిగ్గా ఆ పాత సంగతులతోనే.

ఇవి కనిపిస్తే ఒక్క రోజూ ఆగొద్దు

ఒక కంట్లో చూపు రోజుల వ్యవధిలో తగ్గడం, కన్ను కదిలిస్తే నొప్పి. రెండు కాళ్లలో బలం వేగంగా తగ్గడం. నడుముకో ఛాతీకో బెల్టు బిగించినట్టు ఉండి, దాని కింద స్పర్శ తగ్గడం. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పడిపోవడం. ఇవి వెన్నుపాము లేదా కంటి నరం దెబ్బతింటోందనడానికి గుర్తులు. ఇలాంటప్పుడు ముందుగా స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇవ్వాల్సి రావచ్చు. ఎన్‌ఎంఓలో ఎంత త్వరగా ఇస్తే అంత ఎక్కువ చూపు, నడక మిగులుతాయి. మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యీ కాలూ ఉన్నట్టుండి పడిపోవడం పక్షవాతం లక్షణాలు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. దెయ్యం, గాలి, వాతం అని తిరిగే రోజులు నరాలకు తిరిగిరావు.

ఎంఎస్ నిర్ధారణ అయినవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ కూడా ఉంది. సదరం క్యాంపులో పరీక్ష చేయించుకుని సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. వైకల్యం శాతాన్ని బట్టి ప్రయోజనాలు వర్తిస్తాయి.

చివరగా ఒక్క మాట. రిపోర్టులో తెల్ల మచ్చ అని ఉంటే డాక్టర్‌ను అడగాల్సింది ‘ఇది ప్రమాదమా?’ అని కాదు. ‘నాకున్న ఇబ్బందికి ఈ మచ్చే కారణమా? ఏ కారణంతో వచ్చింది? అది తేలడానికి ఇంకా ఏ పరీక్ష కావాలి?’ ఈ మూడు ప్రశ్నలకూ జవాబు దొరికితే స్కాన్‌కు పెట్టిన డబ్బుకు, పోయిన రోజుకు ఫలితం దక్కినట్టే.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు మొదలుపెట్టాలన్నా, ఆపాలన్నా డాక్టర్‌ను సంప్రదించాకే నిర్ణయం తీసుకోండి.